సవతితల్లి వార్ధకము

మన భాషలో సవతితల్లి యను మాట బంధుత్వమును దెలుపుటకంటె నిందను దెలుపుటకే యెక్కువగా వాడుకలో నున్నది. ఒక సీమకు కాలువ త్రవ్వించి వేఱొక సీమను మఱచినచో, దొరతనమువారు సవతితల్లి ప్రేమ చూపిరని పత్రికలు వ్రాయును. పిల్లలకు జెప్పు కథలలో సవతితల్లి చద్దియన్నము పెట్టును, చాకిరి చేయించును, తండ్రికి చాడీలు చెప్పును. ఆ పిల్లవాడు పెరిగి రాజ్యము సంపాదించుటతో కథ ముగియును. అటుపిమ్మట ఆమె యేమయ్యెను? భర్త గతించి, కన్నులు మందగించి, కాళ్లు కదలని దినములలో ఆమెకు గంజి పోసినవారెవరు? ఈ ప్రశ్నను కథలు వేయవు. చరిత్ర వేయక తప్పదు. మన దేశమున పురాణములు, స్మృతులు, న్యాయస్థానములు, శాసనసభలు ఈ ప్రశ్నకు ఏ యే కాలములందు ఏ యే విధముగా బదులు చెప్పినవో ఇచ్చట సంగ్రహముగా చూపదలచితిమి.

మొదట మాటనే పరిశీలింతము. సవతి యనునది సంస్కృతమునందలి సపత్ని శబ్దమునుండి వచ్చినది. ఈ పదము ఆ స్త్రీని బిడ్డకు తల్లిగా గాక, బిడ్డతల్లికి పోటీగా చూపుచున్నది. అనగా తల్లి మరణించి పదియేండ్లయిన పిదప ఇంటికి వచ్చిన స్త్రీకిగూడ, ఎన్నడును కనుగొనని యొక చనిపోయిన యామెతో పోరు అంటగట్టబడినది. తెలుగున దీనికంటె మెత్తనైన పేరొకటి కలదు, అది మారుతల్లి. ఇండ్లలో పిల్లలు పిలుచు పిలుపు ఇంకను మెత్తనిది. పిన్నియనియో, చిన్నమ్మయనియో పిలుతురు. చనిపోయిన భార్య చెల్లెలినే తెచ్చుకొను నాచారము పెక్కు కుటుంబములందుండుటచే ఆ పిలుపు అనేకచోట్ల అక్షరాల నిజముగానే యుండెడిది. నింద గ్రంథములలోను, ఆప్యాయత వాడుకలోను నిలిచిపోయినవి.

పురాణకథలలో ఈ రెండు పక్షములును గలవు. సురుచి ధ్రువుని తండ్రి తొడపైనుండి దింపించెను. కైక రాముని అడవికి పంపెను. వీనిని తెలియనివారు లేరు. కాని మహాభారతమున మాద్రి కొడుకులను పెంచిన కుంతి కథ మనకు అంతగా జ్ఞాపకమునకు రాదు. యక్షుడు నలువురు తమ్ములలో నొక్కని బ్రదికింతు కోరుకొమ్మన్నప్పుడు ధర్మరాజు భీమార్జునులను విడిచి నకులుని కోరెను. కుంతికి నేనున్నాను, మాద్రికిని ఒక కొడుకుండవలదా యని యాతడు చెప్పిన హేతువు. చనిపోయిన సవతితల్లికి సంతానము మిగులుట న్యాయమని తలచిన కుమారుడాతడు.

అంతకంటెను మన ప్రశ్నకు దగ్గఱగా నున్నది ఆశ్రమవాసపర్వము. తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో నిదియొకటి. యుద్ధానంతరము వృద్ధుడు, అంధుడునైన ధృతరాష్ట్రుడు, తాను చంపింపజూచిన తమ్ముని కొడుకుల యింటనే పదునైదేండ్లు గడపెను. ధర్మరాజు ఏ లోటును రానీయలేదు. అయినను భీముడు చాటునను, వినబడునట్లుగను పొడుపుమాటలాడుచు వచ్చెను. అన్నము లోపము లేని యింట మాటయే ముసలివానిని అడవికి తఱిమిన విధమును వ్యాసుడు దాచక చెప్పెను. ధృతరాష్ట్ర గాంధారులు అడవికి బయలుదేరగా కుంతియు వారికి శుశ్రూష చేయుటకై వెంట వెళ్లెను. వెళ్లుచు ఆమె ధర్మరాజునకు ప్రత్యేకముగా అప్పగించినది తన కడుపున పుట్టిన వారినిగాదు, సహదేవుని. పిదప పాండవులు వారిని చూడబోయినప్పుడు అందఱికంటె ముందు పరుగెత్తి ఆమె కాళ్లపైబడి యేడ్చినవాడును సహదేవుడే. తిరిగి నగరమునకు రానొల్లక, ఇచ్చటనే యుండి తల్లులకు సేవ చేయుదునని పట్టుబట్టినవాడును ఆతడే. కుంతియే బుజ్జగించి పంపవలసివచ్చెను. సవతితల్లి వార్ధకమునందు కొడుకెట్లుండవలెనో చెప్పుటకు ఇంతకంటె మంచి కథ మన వాఙ్మయమున మఱియొకటి యున్నట్లు మాకు తోచదు. అయినను మన నాటకములవారు దీనిని చేపట్టలేదు.

వారు చేపట్టినది సారంగధరుని కథ. గౌరన నవనాథచరిత్రమునందును, తంజావూరి రఘునాథనాయకుని యాస్థానకవి చేమకూర వేంకటకవి సారంగధరచరిత్రమునందును, తరువాత ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి విషాదసారంగధర నాటకమునందును ఈ కథ వ్యాపించెను. చిత్రాంగి సవతికొడుకును కామించి, ఆతడొల్లకుండుటచే తండ్రికి కొండెములు చెప్పి కాలుసేతులు నఱికించెనని సారాంశము. లోకులు దీనిని రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రునికి అంటగట్టిరి. ఆ పట్టణమున సారంగధరుని మెట్ట యని యొక తావుగూడ నేటికిని చూపుదురు. బౌద్ధగాథలలో అశోకుని కుమారుడు కునాలునికిని తిష్యరక్షితకును ఇట్టి కథయే గలదు. ఈ కథ యొక రాజునకు జరిగినది గాదనియు, దేశదేశములు తిరిగి దొరకిన రాజునెల్ల ఆశ్రయించినదనియు దీనివలన ఊహింపవచ్చును. రాజరాజు కాలపు శాసనములందు దీనికి ఆధారము కానరాదు.

శాసనములలో మనకు కనబడు కుటుంబకలహము వేఱు. రాజరాజు తండ్రి విమలాదిత్యుడు. తల్లి కుందవ, చోళ రాజరాజు కూతురు. విమలాదిత్యునకు మఱియొక రాణియందు విజయాదిత్యుడను కుమారుడుండెను. 1022 లో పట్టాభిషిక్తుడైన రాజరాజు తన పాలనము పొడుగునను ఈ సవతితమ్మునితో పెనగులాడవలసివచ్చెను. ఒకరి వెనుక చోళులును, వేఱొకరి వెనుక కల్యాణి చాళుక్యులును నిలిచిరి. ఇచ్చట పోరు తల్లులది కాదు. సింహాసనము ఒకటియగుటయు, పెండ్లిండ్లు రెండగుటయు దానికి కారణము. పలనాటి నలగామరాజును మలిదేవరాజును సవతిసోదరులే. విజయనగరమున మాత్రము దీనికి భిన్నముగా తుళువ నరసనాయకుని మువ్వురు భార్యల కొడుకులు వీరనరసింహుడు, కృష్ణరాయలు, అచ్యుతరాయలు ఒకరి తరువాత నొకరు సింహాసన మెక్కిరి. అన్నదమ్ములు కూడి యుండుటయు కొట్లాడుటయు తల్లుల స్వభావమునుబట్టి గాక పంపకపు టేర్పాటునుబట్టి యుండునని రాజకుటుంబములు మనకు నేర్పుచున్నవి. ప్రాయమువచ్చిన కుమారుడుండగా పడుచుపిల్లను రాణిగా దెచ్చుకొన్న తండ్రి తప్పు సారంగధర కథలో ఎవరికిని పెద్ద తప్పుగా కనబడలేదు. శిక్ష కొడుకునకును, అపకీర్తి చిత్రాంగికిని దక్కినవి.

ఇక స్మృతుల మాట. ముసలివారి పోషణ విషయమున మన ప్రాచీనులు కేవలము ఉపదేశముతో తృప్తి నొందలేదు. శక్తి కలిగియు బిడ్డలను, భార్యను, తల్లిదండ్రులను, మైనరు తమ్ములను, పెండ్లికాని లేక విధవలైన అక్కచెల్లెండ్రను పోషింపనివానికి పండ్రెండు పణములు దండుగ విధింపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పెను. పతితులను విడువవచ్చుననియు, తల్లిని మాత్రము అప్పటికిని విడువరాదనియు ఆతని నియమము. పతితులుగాని తల్లిని, తండ్రిని, భార్యను, కొడుకును విడిచినవానికి మనువు ఆరునూఱు పణముల దండుగను చెప్పెను.

అయితే తల్లి యనగా ఎవరు? ఒక పురుషుని భార్యలలో నొక్కతెకు కొడుకు పుట్టినను, ఆ కొడుకువలన అందఱును పుత్రవతులే యగుదురని మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున స్పష్టముగా నున్నది. పితృతర్పణమునందు కన్నతల్లి, అవ్వ మొదలగు వారితోపాటు సాపత్నీమాతకును తిలోదకము విడుచుట నేటికిని మన యిండ్లలో జరుగుచున్నది. కావున ధర్మదృష్టిలో మారుతల్లి తల్లియే. ఆస్తిదృష్టిలో కథ మాఱినది. కల్యాణి విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరయే మన దేశమున ప్రమాణము. పదుమూడవ శతాబ్దిని కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగున పద్యములుగా రచించెను. కొడుకులు పాలు పంచుకొనునప్పుడు తల్లికిని సమభాగమీయవలెనని మితాక్షర చెప్పుచున్నను, దక్షిణదేశమున ఆ యాచారము లుప్తమైనదని ఇంగ్లీషువారి కాలమున మదరాసు న్యాయస్థానములు తీర్మానించెను. సవతికొడుకు ఆస్తికి సవతితల్లి వారసురాలు కాదనియు తీర్మానించెను. తండ్రి యాస్తి చేతిలో లేకున్నను కన్నతల్లిని పోషించుట కొడుకునకు విధి. మారుతల్లి విషయమున తండ్రి యాస్తి యున్నంతమేరకే బాధ్యత. చచ్చిన తరువాత నువ్వులును నీళ్లును విడువవలసిన కొడుకునకు, బ్రదికి యున్నప్పుడు అన్నము పెట్టవలసిన విధి లేకపోయెను.

ఈ న్యాయము పందొమ్మిదవ శతాబ్దపు తెలుగిండ్లలో ఎంత క్రూరముగా పనిచేసెనో తెలియవలెనన్నచో ఆనాటి వివాహములను చూడవలెను. భార్య చనిపోయిన పురుషుడు, ఏబది యఱువది యేండ్లవాడైనను, మరల పెండ్లాడవచ్చును. భర్త చనిపోయిన స్త్రీ అగ్రవర్ణములందు మరల పెండ్లాడరాదు. కావున రెండవ సంబంధమునకు దొరకునది చిన్నపిల్లయే. విజయనగరపు మహారాజు ఆనంద గజపతివారు విశాఖపట్టణపు తీరప్రాంతమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన కన్యాశుల్క వివాహములకు పట్టిక వ్రాయించిరి. అది సమగ్రము కాకున్నను 1034 వివాహములు తేలెను. సగటున ఏటికి 344. ఆ పెండ్లికూతుండ్రలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాదిపిల్లలు మువ్వురు. గురజాడ అప్పారావుగారు తమ కన్యాశుల్కము పీఠికలో ఈ లెక్కను ప్రకటించిరి. ఆ నాటకమునందు లుబ్ధావధాన్లుగారింట విధవయైన కూతురు మీనాక్షి యున్నది. ఆ యింటికి సుబ్బి పెండ్లికూతురై వచ్చియుండినచో ఆ పసిది మీనాక్షికి మారుతల్లి యగును! కందుకూరి వీరేశలింగముపంతులుగారు బ్రహ్మవివాహమను ప్రహసనమున పెద్దయ్యగారి పెండ్లిని చూపి నవ్వించిరి. నవ్వు తీరిన తరువాత మిగులు లెక్కను మనము వేసికొనవలెను.

ఆ లెక్క యిది. పదేండ్ల పిల్ల ఏబదేండ్లవానిని పెండ్లాడును. ఇంటిలో సవతికొడుకులు ఆమెకంటె పెద్దవారు. కోడండ్రు ఆమెకంటె పెద్దవారు. ఇరువదేండ్లు నిండకముందే ఆమె విధవ యగును. బిడ్డలున్న సరి, లేనిచో మిగిలిన నలువది యేబది సంవత్సరములు ఆమె ఆ సవతికొడుకుల వాకిటనే గడపవలెను. చట్టప్రకారము ఆమెకు దక్కునది మనోవర్తి. అది యిండ్లలో ఏటికి ఇన్ని బస్తాల ధాన్యమనియో, పెరటివైపున నొక గది యనియో తేలును. ఈయకున్నచో దావా వేయవలెను. దావా వేయుటకు పుట్టింటివారి సాయము కావలెను. శీలమును శంకించి యొక యాక్షేపణ వేసినచో ఆ మనోవర్తియు సంశయమున పడును. ఇట్టి స్త్రీ వంటయింటి తాళపుచేతులను గట్టిగా పట్టుకొన్నదనియు, సవతిబిడ్డలకు నెయ్యి తక్కువ వడ్డించి తన మూట కట్టుకొన్నదనియు లోకులు నిందించిరి. రేపటి కూటికి దిక్కులేనివారు చేయు పనియే ఆమె చేసినది. క్రూరత్వమని కథలు చెప్పినదానిలో పెద్దభాగము భయమని మా యభిప్రాయము.

మారుతండ్రి విషయమును గూడ ఒక్కమాట చెప్పవలెను. 1856 నాటి వితంతు వివాహచట్టము పునర్వివాహమును శాసనసమ్మతము చేసెను. 1881 డిసెంబరు 11వ తేదీని వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. కాని ఆ చట్టమే, మరల పెండ్లాడిన స్త్రీ మొదటి భర్త యాస్తిపై హక్కును కోల్పోవుననియు, బిడ్డలకు వేఱు సంరక్షకుని నియమింపుమని భర్తవైపువారు న్యాయస్థానమును వేడవచ్చుననియు నిబంధించెను. తండ్రి రెండవ పెండ్లి చేసికొన్నచో బిడ్డలు ఇంటనే యుందురు. తల్లి చేసికొన్నచో బిడ్డలనే విడువవలసిరావచ్చును. అందుచేత మన సాహిత్యమున మారుతల్లులు వందలుగా నుండగా మారుతండ్రులు అరుదైరి. ఆ చట్టము 1983 లో రద్దయ్యెను.

ఇరువదవ శతాబ్దమున మార్పు మెల్లమెల్లగా వచ్చెను. 1929 నాటి శారదా చట్టము బాలికల వివాహవయస్సును పదునాలుగేండ్లుగా నిర్ణయించెను. 1937 లో హిందూ స్త్రీల యాస్తిహక్కుల చట్టము విధవకు కొడుకుతో సమానమగు భాగమును, ఆమె జీవితకాలము వఱకు, ఇచ్చెను. విధవ కన్నతల్లియైనను మారుతల్లియైనను ఆ భాగమునకు భేదము లేదు. కాని వ్యవసాయభూములకు ఇది వర్తింపదని 1941 లో ఫెడరల్ కోర్టు చెప్పుటచే, పొలమే యాస్తిగా గల మన పల్లెలలో అది కాగితముపై హక్కుగా నిలిచెను. 1947 లో మదరాసు శాసనసభ ఆ లోపమును సవరించెను. 1949 లో మదరాసు రాజధానియందు ద్విభార్యాత్వము నిషిద్ధమయ్యెను. 1955 నాటి హిందూ వివాహచట్టము దానిని దేశమునకెల్ల వ్యాపింపజేసెను. ఒక కప్పు క్రింద ఇద్దఱు భార్యలుండు సంసారమును చట్టము ఒల్లకుండుటచే, అప్పటినుండి సవతి లేని సవతితల్లులే మిగిలిరి.

1956 సంవత్సరము ఈ చరిత్రలో ముఖ్యమైనది. ఆ యేటి వారసత్వ చట్టము భర్త యాస్తిలో విధవకు బిడ్డలతో సమాన భాగమును సంపూర్ణ హక్కుతో నిచ్చెను. మనోవర్తికై వ్రాసియిచ్చిన భూమియు ఆమె సొంతమే యగునని, తెలుగునాటినుండి వెళ్లిన యొక వ్యాజ్యెమున 1977 లో సుప్రీంకోర్టు తీర్మానించెను. పెరటిగదిలో బ్రదికిన వేలకొలది స్త్రీలకు అది యెంత మాట! సవతికొడుకు ఆస్తికి మాత్రము మారుతల్లి నేటికిని రెండవ తరగతి వారసులలో, తండ్రి విధవ యను పేరున, చాల దిగువన నున్నది. అదే 1956 లో వచ్చిన దత్తత మనోవర్తి చట్టము, వృద్ధులైన తల్లిదండ్రుల పోషణను కొడుకులతోపాటు కూతుండ్రకును విధించుచు, తల్లిదండ్రులనగా సంతానము లేని సవతితల్లియు చేరునని వివరణము వ్రాసెను. మనువు పుత్రవతియని చెప్పిన యామెను చట్టము తల్లి యని చెప్పుటకు ఇంతకాలము పట్టెను.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు మెజిస్ట్రేటు యెదుట మనోవర్తి కోరు హక్కును తల్లిదండ్రులకును ఇచ్చెను. 1898 నాటి కోడులో ఆ హక్కు భార్యాబిడ్డలకే యుండెడిది. ఆ విధిలో తల్లి యనగా మారుతల్లియు చేరునా యను ప్రశ్న 1996 లో సుప్రీంకోర్టు నెదుటికి వచ్చెను. ఆ వ్యాజ్యెమున ఆమెకు సొంత కొడుకులును, శక్తిగల భర్తయు నుండుటచే సవతికొడుకుపై ఆమె కోరిక చెల్లలేదు. అయినను బిడ్డలు లేని మారుతల్లి విధవయైనను, ఆమె భర్త పోషింపలేనివాడైనను, సవతికొడుకు ఆమెను పోషింపవలసినదే యని న్యాయమూర్తులు చెప్పిరి. 2007 లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ఇంకొక యడుగు వేసి, కన్నవారు, దత్తత చేసికొన్నవారు, మారుటివారు అందఱును తల్లిదండ్రులే యని నిర్వచించెను. ఉన్నత న్యాయస్థానమునకు పోనక్కఱలేకుండ సబ్ డివిజను అధికారి స్థాయి ట్రిబ్యునలునందే అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ చట్టము వచ్చునప్పటికి నెలకు పదివేల రూపాయలకు మించకుండ మనోవర్తి నిర్ణయింపవచ్చునని నియమించిరి. చూచుకొందుమని మాట యిచ్చి ఆస్తి వ్రాయించుకొని తప్పినవారి దస్తావేజును రద్దుచేయు నధికారమును గలదు. అయితే ఒక వింత చూడుడు: తల్లి యను మాటకు మారుతల్లిని చేర్చినవారు బిడ్డ యను మాటకు కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు అని వ్రాసిరేగాని సవతిబిడ్డను పేర్కొనరైరి. తలుపు ఒకవైపు తెఱచి రెండవవైపు చేరవేసినట్లయ్యెను.

చట్టముల చరిత్ర యింతవఱకు. ఇక గృహధర్మము. అధికారి యుత్తరువు రూపాయలను తెప్పించును. మంచముదగ్గఱ కూర్చుండి మజ్జిగ త్రాగింపదు. భీముని మాటలకు ఏ దండుగయు లేదు. నెలకొక కొడుకింట వంతులు వేసి ముసలివారిని మూటతోసహా త్రిప్పుట కన్నతల్లులకే జరుగుచుండగా, మారుతల్లికి ఆ వంతైనను దొరకుట కష్టము. ఇంకొక సత్యమును దాచరాదు. సేవ చేసిన కీర్తి కొడుకునకు వచ్చును. పక్కబట్టలుతుకుట, మందులు పోయుట, రాత్రి మేల్కొనుట కోడలి పాలగును. సహదేవుడు భార్యను పంపుదునని చెప్పలేదు; తానే యుందునన్నాడు.

కావున మూడు సంగతులను మా చదువరులు తలపోయుదురుగాక. రెండవ వివాహము చేసికొను పురుషుడు, బిడ్డలకు చెందునదెంతయో, ఆమెకు చెందునదెంతయో, ఆరోగ్యముగా నున్నప్పుడే వ్రాతమూలముగా తేల్చి అందఱికి తెలియజెప్పవలెను. భయము తీరిన యింట పోరు సగము తీరును. బంధువులు, ముఖ్యముగా చనిపోయినయామె పుట్టింటివారు, పిల్లల చెవిలో సవతితల్లి కథలను పోయుట మానవలెను. అమ్మమ్మ ప్రేమ ఒకరిని ద్వేషించుటచే రుజువు కానక్కఱలేదు. పెరిగిన సవతిబిడ్డలు, ఆమె మనలనెంత ప్రేమించినదని లెక్కచూచి సేవను తూచుట మానవలెను. కన్నతల్లి విషయమున మనమాలెక్క చూడము గదా.

తర్పణమునందు మారుతల్లి పేరును కన్నతల్లి పేరుతోపాటు చెప్పుట మన పెద్దలు నేర్పిన మంచి పద్ధతియే. ఆ పిలుపు ఆమె వినగలిగిన దినములలోనే మొదలుపెట్టవలెనని మా మనవి.